ఉపవాసానికి పిలిచారు

మా అత్త సింగపూర్‌లో ఉండడానికి పెట్టిన షరతు విని నేను కాసేపు నోరు తెరవలేదు. బేరం మధ్యలో నా నోరు మూతపడడం నాకే కొత్త.

ప్రొద్దుటూరులో మా నాన్నది కిరాణా అంగడి. వీధికి అవతలి వైపు మా మామది. పగలంతా ఒకరి గిరాకీ ఒకరు లాక్కుని, సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చుని కాఫీ తాగే మనుషులు. పెళ్లిచూపుల రోజు మా అత్త నన్ను చూసిన తీరు, గోతం మూతి విప్పి కందిపప్పు అరచేతిలో పోసుకుని పొట్టు ఊదినట్టే ఉంది. నేనూ ఆమెను అలాగే చూశాను. ఇద్దరికీ సరుకు నచ్చింది. ఆ తరువాత మేమిద్దరం పోట్లాడుకున్నది లేదు. బేరమాడుకున్నాం, అంతే.

వై2కె గండం గడిచి, కంప్యూటర్ వచ్చినవాళ్లకు దేశదేశాలు తలుపులు తీసిన రోజులవి. సెంగ్‌కాంగ్‌లో కొత్తగా కట్టిన ఫ్లాట్ ఒకటి అద్దెకు తీసుకున్నాం. నా భర్తను బ్యాంకువాళ్లు జకార్తా పనికి పంపారు. ఇంట్లో నేనూ, ఇంకా బడికి వెళ్లని కూతురూ మిగిలాం. నా ఆఫీసు పని చీకటి పడినా తెమలదు. పాపను చూసే చైల్డ్‌కేర్ మాత్రం చీకటి పడకముందే తలుపేస్తుంది. మా అత్త వచ్చింది కాబట్టి నా ఉద్యోగం నిలిచింది. ఆమె వెళ్లిపోతే నేను మానుకోవాలి. ఆ సంగతి నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. మన అవసరం పూర్తిగా తెలిసిన మనిషితో బేరానికి కూర్చోవడం ఎలా ఉంటుందో అంగడి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం ఆమె అలసందలు చేటలో పోసుకుని రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా, తాను ఊరికి పోతానని చెప్పింది.

“ఎందుకు పోతావత్తా? నీకీడ ఏం తక్కువైంది?”

“ఏం తక్కువ లేదు. అన్నీ ఉండాయి. మనుషులే లేరు.”

“లిఫ్టు నిండా మనుషులే కదా.”

“లిఫ్టులో ఉండేటోళ్లు మనుషులా? తల పైకెత్తి నంబర్లు సూసుకుంటాంటారు. నేనొచ్చినప్పట్నుంచీ ఒక్కరన్నా, రండి, నాలుగు మెతుకులు తినిపోండి అన్నారామ్మే?”

“చోవా చూ కాంగ్‌లో మనోళ్లు పిలిచినారు కదా. పోయొస్తిమి కూడా.”

“మనోళ్లు పిలిస్తే అదేం గొప్ప? ఊర్లో పిలిచినట్లే పిలిచినారు. మనోళ్లు గానోళ్లు ఒక్కరన్నా పిలిచినారా? ఒక్క ఇల్లు సూపియ్యి. నేను భయం లేకుండా కూచోని, అన్నం తిని లేచే ఇల్లు ఒక్కటి. పాపను బడిలో ఏసేదాకా ఉంటా.”

నా నోరు మూతపడింది ఇక్కడే. ఆమె భయం ఎంతటిదో నాకు తెలుసు. మా రెండిళ్లలోనూ కోడిగుడ్డు గడప దాటదు. ఇక్కడ వరసగా తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ పక్కనుంచి నడవాల్సి వస్తే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, వానలో నడిచినట్టు నడిచేది. ఆ నూనెలో ఏముందో, ఆ గరిటె దేంట్లో మునిగి వచ్చిందో అని ఆమె అనుమానం. నా తోటి ఉద్యోగులేమో చాలా మంచివాళ్లు. మకాన్, మకాన్ అంటూ మధ్యాహ్నం కాగానే తిండికి లాక్కెళ్లేవాళ్లు. కానీ అదంతా బయటే. ఇంటికి రమ్మన్నవాళ్లు లేరు. అమ్మేవాడే లేని సరుకు తెమ్మంది మా అత్త. ఆమెకు అది తెలుసు, నాకూ తెలుసు.

ఒక్క మనిషి మాత్రం ఉన్నాడు. ఆయన నాకు వెంటనే తట్టలేదు.

మా కంపెనీ ఓడలకు సరుకులు ఎక్కించే లెక్కల సాఫ్ట్‌వేర్ చేసేది. బియ్యం, పప్పు, నూనె, తాళ్లు, సబ్బులు. ఓడంటే నీళ్ల మీద తేలే కిరాణా అంగడి. ఇంటర్వ్యూలో ఆ మాటే అన్నాను, ఉద్యోగం ఇచ్చారు. మాకు ఓడల సంగతులు చెప్పడానికి సైప్రస్ దేశపు పాత కెప్టెన్ ఒకాయన ఉండేవాడు. ఆయన సీటు నా పక్కనే. మధ్యాహ్నం డబ్బా మూత తీయగానే, అటుగా ఎవరు పోతున్నా “కొప్యాస్తె” అనేవాడు. మొదటిరోజు నేనది కూర పేరనుకున్నాను. వాసన బాగుందనీ, కొప్యాస్తెలో ఏమేం వేస్తారనీ అడిగాను. ఆయన తింటున్నది పొలమారేదాకా నవ్వాడు. రండి, కూర్చోండి, మాతో తినండి అని దాని అర్థమట. తినేటప్పుడు దారినపోయే మనిషి కనిపిస్తే ఆ మాట అనకుండా ముద్ద నోట పెట్టుకోవడం వాళ్ల దీవిలో మర్యాద కాదట.

నేను మన మర్యాద ప్రకారం, “వద్దండీ, ఇప్పుడే తిన్నాను” అన్నాను. తినలేదు. రెండోసారి అడుగుతాడు, మూడోసారి బలవంతం చేస్తాడు, అప్పుడు మొహమాటపడుతూ డబ్బాలో ఏముందో చూద్దామని నా ఆలోచన. ఆయన సరేనని తల ఊపి తినడం మొదలుపెట్టాడు. మొదటి ‘వద్దు’ను నమ్మేసిన మనిషిని చూడడం నాకు అదే మొదటిసారి. ఆకలితో, అవాక్కయి, నా సీట్లో కూర్చున్నాను. మరుసటి రోజు మళ్లీ కొత్తగా అడిగాడు. నేను మళ్లీ కొత్తగా వద్దన్నాను. అలా నెలలు గడిచాయి.

అత్త షరతు పెట్టిన వారంలోనే, కెప్టెన్ రాబోయే సోమవారం సెలవు పెడుతున్నానని చెప్పాడు. ఆ రోజుతో వాళ్ల ఉపవాసం మొదలట. ఈస్టర్ దాకా సాగుతుందట. అందుకు తన భార్య ఇంట్లో పెద్ద భోజనం వండుతుందట.

“ఉపవాసానికి భోజనమేమిటి?” అన్నాను.

“ఉపవాసమంటే తినకపోవడం కాదు. కొన్ని మానేయడం. ఆ రోజు మాంసం ఉండదు.”

నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆయనను టోకు వ్యాపారిని నిలదీసినట్టు నిలదీశాను.

“చేప?”

“చేప ఉండదు.”

“గుడ్డు?”

“ఉండదు.”

“వంటలోకి పంది కొవ్వు, ఆ కొవ్వు, ఈ కొవ్వు?”

“ఆలివ్ నూనె. అంతే.”

“నెయ్యి, వెన్న, పాలు?”

ఆయన నావైపు అదోలా చూశాడు. “పాలా? ఉపవాసంలో పాలు ఎలా తాగుతారు? పాలు జంతువులోంచి రావూ?”

నేను నిర్ఘాంతపోయాను. మా ఇళ్లలో ఉపవాసమంటేనే పాలూ పండూ. ఏకాదశి నాడు మా నాన్న పొద్దుటినుంచీ పాల గ్లాసు దించడు. ఆ పాలు కూడా ముట్టని తెల్లవాళ్లున్నారంటే నమ్మశక్యం కాలేదు. మాకంటే మడి కట్టుకున్నవాళ్లు డబ్బా మూత తీసి నెలల తరబడి పిలుస్తుంటే, వద్దు వద్దని తిప్పికొట్టిన నా తెలివికి నాకే తల తిరిగింది.

“మా అత్తను, పాపను తీసుకురావచ్చా?” అన్నాను.

“కొప్యాస్తె” అన్నాడు. ఈసారి నేను వద్దనలేదు.

ఇంటికొచ్చి చెబితే మా అత్త చేతిలో చేట కింద పెట్టింది.

“తెల్లోళ్లు మాంసం తినరా?”

“ఆ పొద్దు తినరు. చేప లేదు, గుడ్డు లేదు. పాలు గూడా ముట్టరు.”

“పాలెందుకు ముట్టరు? పాలేం జేసినాయి?”

“ఉపవాసమంట.”

“పాలు మానుకోని యాటి ఉపవాసమమ్మే అది. బతికేదెట్ల పాపం.” కాసేపు ఆలోచించి, “అన్నీ గట్టిగా అడిగినావా?” అంది.

“ఒక్కొక్కటే అడిగినా.”

కొనేవాడు అడగని ప్రశ్నలోనే అమ్మేవాడి లాభం ఉంటుందని మా నాన్న అంటుండేవాడు. నేను అడగనిదంటూ ఏమీ మిగల్లేదని నా నమ్మకం. ఆ రాత్రి బేరం గెలిచినదానిలా నిద్రపోయాను.

సోమవారం పొద్దున మా అత్త నెయ్యి తగలకుండా చిత్రాన్నం కలిపింది. బెల్లం పాకంలో నువ్వుండలు చేసింది. పాపకు కొత్త గౌను వేసింది. చివరగా స్టీలు డబ్బాలో పెరుగు పోసి, మూత బిగించి, నా సంచి అడుగున పెట్టింది.

“వాళ్లు పాలు ముట్టరని చెప్తిని కదా” అన్నాను.

“వాళ్లకెవురు పెడతాండారు? నాకు. పెరుగన్నం తినకుండా నేను లేచినానా ఎప్పుడన్నా?”

లేవలేదు, నిజమే. మనం తింటే వాళ్లకేం అనుకుని సంచి భుజాన వేసుకున్నాను.

కెప్టెన్ ఇల్లు బెడోక్‌లో, సముద్రం ఒడ్డుకు దగ్గర. బస్సు దిగి నడుస్తుంటే ఉప్పుగాలి తగిలింది. వాళ్ల బాల్కనీలోంచి చూస్తే లంగరు వేసిన ఓడలు, సంతలో బండ్లు విప్పినట్టు బారులు తీరి ఉన్నాయి. కెప్టెన్ భార్య పొట్టి మనిషి, చురుకైన మనిషి. ముంజేతుల దాకా పిండి. ఇంగ్లీషు ఆమెకు నాలుగు ముక్కలు వచ్చు. మా అత్తకు ఆ నాలుగూ రావు. తలుపు తీసిందో లేదో, ఆమె మా అత్త భుజాలు పట్టుకుని ఈ చెంపా ఆ చెంపా ముద్దు పెట్టుకుంది. మా అత్తను కన్నతల్లి కూడా ముద్దు పెట్టుకుని ఎంతకాలమైందో. బియ్యం మూటలా బిగుసుకుపోయి, కళ్లు మాత్రం నావైపు తిప్పింది. అంతా మర్యాదే అని కళ్లతోనే చెప్పాను.

కూర్చోగానే ట్రే వచ్చింది. ఒక్కొక్కరికీ చిన్న గాజు పళ్లెంలో పాకంలో మునిగిన నల్లటి కాయ ఒకటి, చిన్న చెంచా, పక్కన చల్లటి నీళ్లు. ఎవరింటికి ఎవరొచ్చినా మొదట ఇది పెట్టకుండా మాట మొదలుపెట్టరని కెప్టెన్ చెప్పాడు.

“ఉసిరికాయ మురబ్బానా?” అంది మా అత్త.

అది పచ్చి అక్రోటు కాయ. పెంకు గట్టిపడకముందే కోసి, రోజుల తరబడి నీళ్లు మార్చి, చేదు తీసి, లవంగం వేసి పాకం పడతారట. మా అత్త భయంభయంగా కొంచెం కొరికింది. తరువాత మొత్తం నోట్లో వేసుకుంది. తరువాత ఖాళీ పళ్లెం ముందుకు జరిపి, “ఇంకోటి పెట్టమనమ్మే” అంది.

నేను కెప్టెన్‌కు చెప్పాను. ఆయన కొయ్యబారిపోయాడు. ఇది ఒక్కటే తింటారు, పిల్లలు కూడా రెండోది అడగరు, అదీ మర్యాదట. మా ఊళ్లో తూకం అయ్యాక కొసరు అడగకపోతే అంగడివాడు సరుకు నచ్చలేదనుకుంటాడని సర్దిచెప్పాను. ఆయన తన భార్యకు ఏమని చెప్పాడో, ఆమె పకపకా నవ్వి, లోపలికి పోయి సీసాకు సీసా తెచ్చి మా అత్త ముందు పెట్టింది. ఆ సీసా వచ్చాక మా అత్త భుజాలు కిందికి దిగాయి. గెలిచాననుకున్నాను.

బల్ల మీదికి ఒక్కొక్కటే వచ్చాయి. పైన నువ్వులద్దిన రొట్టె. నువ్వుల ముద్దను వెల్లుల్లి, నిమ్మరసంతో గిలకొట్టిన పచ్చడి. చితక్కొట్టి ధనియాలు కలిపిన పచ్చి ఆలివ్ కాయలు. ఆకుకూరతో ఉడికించి పైన నూనె, నిమ్మరసం పోసిన అలసందలు. మా అత్త ఒక్కోదాన్నీ చెంచా అంచుతో తీసుకుని నాలుక మీద పెట్టుకుని చూసింది.

“అలసందలు బాగా ఉడికినాయి. పాపం తాలింపు మర్సిపోయింది.”

“వాళ్లు పెట్టరత్తా.”

“తాలింపు పెట్టరా?” పాలు ముట్టరన్నప్పటి కంటే ఎక్కువ విస్తుపోయింది. “ధనియాలు సూడు, వేంచకుండా అట్లే పచ్చివి కలిపింది. ఎవురూ చెప్పలేదేమో.”

టమాటా పులుసులో ఉడికిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, నొక్కి చూసి, “ఇది చేమదుంప కదమ్మే” అంది. అవును. వాళ్ల దీవిలో అది పండుగ కూరట. కెప్టెన్ భార్య అది దొరక్క దిగులు పడుతుంటే ఎవరో లిటిల్ ఇండియాలో చూడమన్నారట. తోలు తీశాక కడగకూడదనీ, కత్తితో కోయకుండా గాటు పెట్టి విరవాలనీ, లేకపోతే జిగురు దిగుతుందనీ ఆమె చేతులతోనే చెప్పింది. మా అత్త తోలుతోనే ఉడకబెడతామని తన చేతులతో చెప్పింది. జిగురు దగ్గరికొచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఒక్కలాగే చిట్లాయి. ఆ దుంపలకు అంగడివాడు ఎంత చెబితే అంత ఇచ్చేసిందని తెలిసినప్పుడు మాత్రం మా అత్త నమ్మలేకపోయింది.

“బేరం జెయ్యనే లేదా? ఇంత అమాయకురాలిని అంగడికి ఒక్కదాన్నే ఎట్ల పంపిచ్చినారు?”

కెప్టెన్ నీళ్లలా తేటగా ఉన్నదేదో చిన్న గ్లాసుల్లో పోశాడు. మా అత్త మంచినీళ్లనుకుని అందుకోబోయింది. వాసన నా ముక్కుకు ముందే తగిలి, గ్లాసు ఇవతలికి లాగేశాను. ద్రాక్ష పిప్పి నుంచి కాచిన సారా అది. తాగడానికే కాదు, మోకాళ్లకు రుద్దుకోవడానికీ వాడతారట.

“ఉపవాసంలో సారా పనికొస్తుందా?” అన్నాను.

“ఎందుకు పనికిరాదు? ద్రాక్షకు రక్తం లేదు కదా” అన్నాడు.

వింత మాట అనుకుని నవ్వాను. అప్పుడే ఆగి ఆలోచించి ఉండవలసింది.

మా అత్త రెండోసారి అలసందలు పెట్టించుకుంది. షరతు సగం తీరినట్టే. అప్పుడు కెప్టెన్ భార్య వంటింట్లోంచి పెద్ద పళ్లెం రెండు చేతులతో పట్టుకుని, అమ్మవారిని మోసుకొస్తున్నట్టు వచ్చింది. పైన ఎండిన ఆకు పొడి, చుట్టూ నిమ్మచెక్కలు. అన్నింటికంటే పెద్ద ముక్క ఏరి, మొదట మా అత్త పళ్లెంలో, అలసందల పక్కన పెట్టింది.

ఊదారంగులో, కొస మెలి తిరిగి, మంట మీద అక్కడక్కడా మాడిన ముక్క. దాని పొడుగునా గుండ్రటి బుడిపెలు.

ఇటువంటిదాన్ని నేను హాకర్ సెంటర్ కొక్కేలకు వేలాడుతుంటే చూశాను.

“ఇదేం దుంపమ్మే?” అంది మా అత్త.

అబద్ధం పెదవుల దాకా వచ్చింది. “కంద లాంటిది…” అన్నాను.

“కంద నేను అమ్మినదాన్ని.” ఆమె వంగి చూసింది. “దుంపకు బుడిపెలుంటాయి గానీ ఇట్ల వరసగా, జతలు జతలుగా ఉండవే.”

“అవ్వా, that one octopus lah” అంది నా కూతురు, నోటి నిండా రొట్టెతో. “It swim one.” పది వేళ్లూ ఆడిస్తూ బల్ల మీద పాకించి చూపించింది.

ఆక్టోపస్ అంటే అవ్వకు తెలియదు. స్విమ్ అంటే తెలుసు. వారం వారం మనవరాలిని ఈత నేర్పే చోటికి తీసుకెళ్లేది ఆమే.

“ఈదేదా?” అంది. ఆమె చెయ్యి పళ్లెం మీదినుంచి మెల్లగా వెనక్కి వచ్చింది. కళ్లు మాత్రం ఆ ముక్క మీదినుంచి రాలేదు.

నేను కెప్టెన్ వైపు తిరిగాను. “చేప ఉండదన్నారు కదా.”

“ఇది చేప కాదు కదా” అన్నాడాయన, నిజంగా అర్థంకాక. “చేపకు రక్తం ఉంటుంది. దీనికి లేదు. రక్తం లేనిది ఉపవాసానికి పనికొస్తుంది. రొయ్య, పీత, గుల్ల, ఇది. మా అమ్మమ్మ కూడా తినేది.”

నా తెలివి అంతా ఆ పళ్లెంలో మెలి తిరిగి పడుకుని కనిపించింది. మా లెక్కలో నీళ్లలోంచి వచ్చేదంతా చేపే. తినేవాళ్లయితే చేప వేరు, రొయ్య వేరు, పీత వేరు అని విడివిడిగా అడిగి ఉండేవాళ్లు. తరతరాలుగా తినని ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, అన్నింటినీ ఒకే గోతంలో పోసి, ఒకే పేరు రాసి, ఒకే ప్రశ్న అడిగాను. ఆయన అడిగినదానికి నిజమే చెప్పాడు.

కెప్టెన్ భార్య మా ముఖాలు చూస్తూ, చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. కెప్టెన్ ఏదో చెప్పాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గబగబా మా అత్త పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయింది. కుళాయి చప్పుడు వినిపించింది.

“పోదామా అత్తా?” అన్నాను. అప్పటికే నా రాజీనామా ఉత్తరంలో మొదటి వాక్యం నాకు కనబడుతోంది.

“ఉండు. తింటాండగా నడుమ లేస్తే ఇంటామెకు కీడు.” ఆమె నా సంచివైపు చూసింది. “నా పెరుగు తీయి. నాలుగు మెతుకుల చిత్రాన్నంలో కలుపుకోని లేస్తా. కండ్ల ముందర్నుంచి అది పోవాల.”

డబ్బా తీసి, మూత విప్పి, బల్ల మధ్యలో పెట్టాను. అదే సమయానికి కెప్టెన్ భార్య కొత్త పళ్లెం తీసుకుని బయటికి వచ్చింది. పెరుగు చూసింది. ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె చెయ్యి నుదుటికీ, రొమ్ముకూ, భుజాలకూ తాకింది. కెప్టెన్ కుర్చీ కీచుమని వెనక్కి జరిగింది.

“యోగర్ట్” అన్నాడు నాతో, చాలా మెల్లగా. “ఈ రోజు. ఈ బల్ల మీద.”

సముద్రపు తుఫానులు చూసిన మనిషి. ఆ పెరుగు డబ్బావైపు చూడలేక ఓడలవైపు చూశాడు.

“ఏమైందమ్మే? ఎందుకట్లయిపోయినారు?” అంది మా అత్త.

“పెరుగు, అత్తా. వాళ్లకీ పొద్దు అది అంటు.”

“పెరుగా?”

“పెరుగే.”

“పెరుగు అంటా?”

ఆక్టోపస్‌ను చూసినప్పుడు కూడా ఆమె ముఖం అలా కాలేదు. అప్పుడు కలిగింది భయం. ఇది వేరు. పుట్టినప్పటినుంచీ ఏ గుంపులో కూర్చున్నా అందరికంటే శుభ్రమైనది తానే అనుకుంటూ వచ్చిన మనిషి. తన డబ్బా చూసి ఇంకొకరు దణ్ణం పెట్టుకుని వెనక్కి జరిగారు. ఆమె డబ్బాను చూసింది. బల్ల చివర ఉన్న పెద్ద పళ్లేన్ని చూసింది. నిలబడి ఉన్న ఇంటామెను చూసింది.

అప్పుడు మా అత్త అంగట్లో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. ఆక్టోపస్ పళ్లేన్ని వేలితో చూపించి, వంటింటిని చూపించింది. పెరుగు డబ్బాను చూపించి, నా సంచిని చూపించింది.

“అది అటు” అంది తెలుగులో. “ఇది ఇటు.”

కెప్టెన్ భార్యకు ఎవరూ తర్జుమా చేయలేదు. ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఒకామె పళ్లెం ఎత్తింది, ఒకామె డబ్బా మూత వేసింది. కెప్టెన్ మాత్రం, ఎక్కవలసిన ఓడ తనను వదిలి వెళ్లిపోతుంటే రేవులో నిలబడ్డవాడిలా ఆ పళ్లెం వెళ్లిన వైపే చూస్తుండిపోయాడు. వంటింట్లో మా అత్త కొత్త పళ్లేన్ని తన చేత్తో కడుక్కుంది. ఆమె పక్కనే నిలబడి కెప్టెన్ భార్య, పెరుగు డబ్బాకు దగ్గరగా ఉన్న చెంచాలను కడుక్కుంది. ఒకరిని చూసి ఒకరు తప్పుపట్టలేదు. ఎంత గట్టిగా తోమితే అంత మర్యాద అన్నట్టు ఇద్దరూ తోముతూనే ఉన్నారు.

మళ్లీ అలసందలు వేశారు. చిత్రాన్నం కెప్టెన్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. నువ్వుండ కొరికి ఆయన భార్య కళ్లు పెద్దవి చేసి, తమ ఊరి నువ్వుల మిఠాయి పేరేదో చెప్పి, లోపలినుంచి దాని ముక్క తెచ్చి పక్కన పెట్టి చూపించింది. చివర చిన్న కప్పుల్లో, అడుగున మడ్డి నిలిచే నల్ల కాఫీ ఇచ్చారు. పాలు లేవు. మా అత్త కషాయం తాగినట్టు కళ్లు మూసుకుని తాగేసింది. పెరుగన్నం తినకుండానే లేచింది. చెప్పులు వేసుకునేటప్పుడు ఆమె గడప దగ్గర వెనకబడింది. నేను పాప బూట్ల వారు బిగిస్తూ పట్టించుకోలేదు.

తిరుగు బస్సులో పాప నా ఒళ్లో నిద్రపోయింది. నేనే అడిగాను.

“ఏమంటావత్తా?”

“ఏమనేది? భయం లేకుండా తిని లేచే ఇల్లు అనింటి. నాకు భయమైంది. గుండె జారిపాయ.”

“అవును.”

“షరతు తప్పింది. బేరం కొట్టేసినట్లే.”

తూకంలో మోసం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

“నా తిరుగు టిక్కెట్టు మార్సేకి ఎవురితో చెప్పాల?” అంది కాసేపటికి.

“ముందుకా, వెనక్కా?”

“ముందుకు మార్చి ఏం జేస్తాం? వచ్చే సోమారం ఆ యమ్మను మనింటికి రమ్మంటి.”

నేను పాపతో సహా అటు తిరిగాను. “రమ్మన్యావా? ఏ బాసలో?”

“కొప్యాస్తె అంటి.” ఏదో మామూలు సంగతిలా కొంగు సర్దుకుంది. “ఆ ముసిలాయన అప్పట్నుంచీ అంటానే ఉండాడు కదా. పిలిచి ఇంట్లో లేకపోతే ఎట్ల? పాలూ నెయ్యీ లేకుండా ఆ యమ్మకు వండిపెట్టేదెవురు? నువ్వా? నీకు తాలింపే సరిగ్గా రాదు.”

“మరి షరతు?”

“షరతు పాతది. ఇది కొత్త బేరం.” అంతటితో ఆగలేదు. “ఆ పొద్దు ఇంట్లో పెరుగు ఉండకూడదు. మూత పెట్టినా వాసనొస్తాది. యాడన్నా దాసిపెట్టు.”

బేరంలో ఇన్ని గెలుపులు చూశాను గానీ, అవతలివాడు తన ప్రాణం లాంటి సరుకును అడక్కుండానే తూకంలోంచి తీసి పక్కన పెట్టడం ఎప్పుడూ చూడలేదు. మేము దిగవలసిన చోటు దాటిపోయింది. ఇద్దరం గమనించలేదు.

ఆ సోమవారం పొద్దున పెరుగు గిన్నె, నేతి సీసా సంచిలో పెట్టుకుని ఆఫీసుకు మోసుకెళ్లి, అక్కడి ఫ్రిజ్‌లో దాచాను. మధ్యాహ్నం అరపూట సెలవు పెట్టి ఇంటికి వచ్చేసరికి కెప్టెన్ దంపతులు నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. మా అత్త వాళ్ల మధ్యలో ఉంది. నూనెలో వేగిన చేమదుంపలు, గోంగూర పప్పు, అలసంద వడలు, చారు. కెప్టెన్ భార్య మిరపకాయ కొరికి కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే ఇంకో వడ అందుకుంటోంది.

చారన్నం అయింది. మామూలుగా అయితే ఆ తరువాత పెరుగు వస్తుంది, అది తిని లేస్తారు. పెరుగు రాలేదు. మా అత్త మళ్లీ పప్పన్నం కలిపింది. ఆమె తింటోంది కదా అని కెప్టెన్ భార్యా తినడం ఆపలేదు. ఆమె ఆపలేదని కెప్టెన్ ఆపలేదు. మళ్లీ చారు వచ్చింది. మళ్లీ పప్పు వచ్చింది. ముగ్గురికీ చెమటలు పడుతున్నాయి.

మా అత్త నావైపు వంగి, చెవిలో అడిగింది.

“పెరుగు లేకుండా లేసేదెట్లమ్మే?”